తోడొచ్చినవాళ్ళు బయట ఉండాలి

ఈ మధ్య నన్ను చూడటానికి వచ్చే కుర్ర డాక్టర్లు మొదట అడిగే ప్రశ్న ఒకటే. "మేడమ్, మండలిలోకి ఎట్ల పోయిన్రు?" వాళ్ళకు కావలసింది దారి. ఏ నాయకుడి గుమ్మం ముందు నిలబడాలి, ఏ సంఘంలో ఏ పదవి పట్టాలి, ఎవరికి శాలువా కప్పాలి. అవన్నీ నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఈ నగరంలో వీధికొకరున్నారు, వాళ్ళనే అడగండి. నాకు రెండు కుర్చీలు ఎలా వచ్చాయో నేను చెప్పను. ఎలా పోయాయో చెప్తాను. రాజకీయాల్లోకి పోదామనుకునే డాక్టరుకు పనికొచ్చేది అదే.

నా పేరు ప్రేమలత. శాలిబండలో పుట్టాను, అక్కడే క్లినిక్కు పెట్టాను, ఇప్పటికీ అక్కడే ఉంటున్నాను. నాన్న బస్సు డిపోలో మెకానిక్. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు కూడా ఆయన గోళ్ళలో గ్రీజు ఉండేది. ఆయన కూతురు డాక్టరైతే గల్లీ అంతా తమ పిల్లే అయినట్టు మురిసిపోయింది. ఆ చనువుతోనే నేను అన్నం తింటుంటే కూడా తలుపు కొట్టేది. తర్వాత అధికార పార్టీ టిక్కెట్టు మీద నిలబడితే పట్టభద్రులు ఓట్లేసి శాసనమండలికి పంపారు. దాదాపు అదే కాలంలో డాక్టర్ల సంఘం నన్ను అధ్యక్షురాలిని చేసింది.

మాట్లాడేది రోగి కాదు

పాతబస్తీ క్లినిక్కుకు రోగి ఒంటరిగా రాడు. జ్వరం ఒకరికైతే ఇంటిల్లిపాదీ వస్తారు. వాళ్ళలో గొంతు పెద్దది ఎవరిదైతే జబ్బు వాళ్ళు చెప్తారు. కోడలి కడుపునొప్పి అత్త చెప్తుంది, తండ్రి దగ్గు కొడుకు చెప్తాడు, మొగుడి తాగుడు మాత్రం ఎవరూ చెప్పరు. అసలు రోగి స్టూలు మీద తల వంచుకుని కూర్చుంటుంది.

నసీమ్ బేగం అలాంటి గొంతు గల మనిషి, గల్లీలో అందరికీ 'ఆపా', అంటే అక్క. పత్తర్‌గట్టి పక్క సందులో గాజులు అమ్మేది. గిరాకీతో బేరమాడి బేరమాడి, ఎదుటివాళ్ళను మాట పూర్తి చేయనిచ్చే అలవాటే ఆమెకు పోయింది. నేను క్లినిక్కు పెట్టిన కొత్తలో, నెలలు నిండుతున్న కోడలు రుబీనాను వెంటబెట్టుకొచ్చింది.

"కమ్‌జోరీ డాక్టరమ్మా. సరిగ తింటలేదు. తాకత్ గోలీలు రాసియ్యి, పోతం. దుకాణం బంద్ పెట్టి వచ్చిన."

"రుబీనాను చెప్పనియ్యి ఆపా."

"అదేం చెప్తది? దాని నోట్ల నాలుకే లేదు. నేను చెప్తున్న కద!"

"నువ్వు జర బయట కూర్చో."

"నేనా? బయటనా?"

అత్తను గది బయటికి పంపడం మా గల్లీలో చిన్న సంగతి కాదు. నసీమ్ ఆపా బయట బెంచీ మీద కూర్చుని, లోపలికి వినబడేలా నన్ను తిట్టింది. నేను తలుపు వేసి, రుబీనా చేతికి బీపీ పట్టీ చుట్టి, ఏమీ అడగకుండా ఊరుకున్నాను. అప్పుడు చెప్పింది. నిన్నటి నుంచి రక్తం పోతోంది. నొప్పి లేదు. అత్త ముందు, మరిది ముందు ఆ మాట ఎలా అనాలో తెలియక గుడ్డలు దాచి ఉతుక్కుంటోంది.

బిడ్డ మాయ గర్భసంచిలో కిందికి ఉందని నాకు అనుమానం వచ్చింది. అలాంటప్పుడు లోపల పరీక్ష చేయకూడదు, ఆలస్యం అసలే చేయకూడదు. రిక్షా ఎక్కించి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి తీసుకుపోయాను. అది మా క్లినిక్కుకు రెండు మలుపుల అవతలే. దిగేసరికి రిక్షా సీటు తడిసిపోయింది. వెంటనే ఆపరేషన్ చేశారు. రుబీనా బతికింది, ఆడపిల్ల పుట్టింది, సనా అని పేరు పెట్టుకున్నారు.

ఆ రోజు నుంచి నా క్లినిక్కులో ఒక పద్ధతి పెట్టాను. ఎవరైనా సరే, తోడొచ్చినవాళ్ళు కాసేపు బయట ఉండాలి. అత్తలు అలిగారు, మొగుళ్ళు కొట్లాటకొచ్చారు, ఒక పహిల్వాన్ కుర్చీ ఎత్తాడు. నేను పద్ధతి మార్చలేదు. ఇంకో సంగతి కూడా ఆ రోజే నా బుర్రకెక్కింది. రుబీనాను కాపాడింది నా తెలివి సగమే, మిగతా సగం ఆసుపత్రి దగ్గరగా ఉండటం.

రెండు కుర్చీలు

డాక్టర్ల సంఘం గురించి మీకు ఎవరూ చెప్పని మాట చెప్తాను. అది డాక్టర్ల కోసం ఉంది, రోగుల కోసం కాదు. అందులో తప్పేమీ లేదు. డ్యూటీలో ఉన్న మన జూనియర్ డాక్టర్ పిల్లల మీద రోగుల బంధువులు చెయ్యి చేసుకుంటే ఎవరు అడగాలి? నేనే అడిగాను, వార్డుల ముందు కాపలా పెట్టించాను, సభలో గొంతు చించుకున్నాను. దానికి సిగ్గుపడను. కానీ మనకు మంచిదైంది రోగికీ మంచిదేనని మనం చాలా తొందరగా నమ్మేస్తాం. ఆ నమ్మకాన్ని పట్టుకుని ప్రభుత్వం దగ్గరికి పోయి దానికి ఆరోగ్య విధానం అని పేరు పెడతాం.

మండలి గురించి కూడా ఒక మాట. అక్కడ కూడా మాట్లాడేది రోగి కాదు. మంత్రిని అడిగితే కార్యదర్శి చెప్తాడు. కార్యదర్శిని అడిగితే పక్కనున్న అధికారి చెవిలో ఊదుతాడు. మా ఆరోగ్య మంత్రి జిల్లా నుంచి వచ్చిన మనిషి, మోటుగా కనబడినా చెడ్డవాడు కాదు. అయితే ఆయన గదిలో ఎప్పుడు చూసినా జాతరే. ఆయన నోరు తెరిచేలోపు మిగతావాళ్ళు జవాబు చెప్పేసేవారు.

పైలట్ బండి వెనక

ప్రసూతి ఆసుపత్రి కట్టడం పాతదైపోయిందని, దాన్ని మొత్తం ఊరి బయట రింగు రోడ్డు దాటి కడుతున్న కొత్త భవనంలోకి మార్చాలని ప్రభుత్వం అనుకుంది. కొత్త భవనం నిజంగా బాగుంది. పెద్ద ఆపరేషన్ థియేటర్లు, డాక్టర్లకు క్వార్టర్లు, కార్లు పెట్టుకోవడానికి చోటు. మా సంఘం చప్పట్లు కొట్టింది. పాతబస్తీ నుంచి అంత దూరం ఎలా పోతారని నేను అడిగితే, చూసి రావడానికి ఒక కమిటీ వేశారు. నన్నూ అందులో వేశారు.

చూసి రావడమంటే ఎలాగనుకున్నారు? ఒకరోజు పొద్దున పాత ఆసుపత్రి గేటు నుంచి కార్ల వరస బయల్దేరింది. ముందు సైరన్ వేసుకుని పోలీసుల పైలట్ బండి. మా కారులో నా పక్క సీట్లో పెద్ద అధికారి చేతి గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. నిండు చూలాలు ఆసుపత్రికి చేరడానికి ఎంతసేపు పడుతుందో లెక్కగట్టడానికి, దారి పొడుగునా ట్రాఫిక్ ఆపించి, మేం సర్రున దూసుకుపోతున్నాం. ఆ కారులో ఉన్న ఒక్కరికీ ఇది తమాషాగా అనిపించలేదు.

పత్తర్‌గట్టి దగ్గర మా వరస నెమ్మదించింది. కానిస్టేబుళ్ళు లాఠీలతో ఆటోలను పక్కకు తోస్తున్నారు. అలా తోసేసిన ఒక ఆటోలోంచి ఎవరో దిగి నేరుగా మా కారు మీదికొచ్చి అద్దం దబదబా బాదారు. చూస్తే నసీమ్ ఆపా. జుట్టు నెరిసిపోయింది గానీ గొంతు అదే.

"ఏయ్, ఎవరున్నర్ లోపల? మా పోరికి దర్ద్ మొదలైంది! జానేదో, పోనియ్యిర్రి మమ్మల్ని!"

నేను అద్దం దించాను. ఆమె నన్ను చూసి ఆగిపోయింది.

"డాక్టరమ్మా? మా ఆటో ఆపింది మీరేనా?"

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆటోలో ఉన్నది సనా. ఆ రోజు రుబీనా కడుపులో ఉన్న పిల్లకే ఇప్పుడు తొలి కాన్పు. చెమటలు కక్కుతూ ఆటో కమ్మీ పట్టుకుని ఉంది. నేను కారు తలుపు తీసుకుని దిగిపోయాను.

"మేడమ్, టైమ్ నోట్ చేస్తున్నాం, మధ్యలో దిగితే ఎలా?" అన్నాడు అధికారి.

"మీరు చేసుకోండి. నేను నిజం టైమ్ చూసొస్తా."

ఆటోలో సనా పక్కన కూర్చున్నాను. కానిస్టేబులు "కాన్వాయ్ పోయేదాక కదలొద్దమ్మా, ఆర్డర్ ఉన్నది" అన్నాడు. నేనెవరో చెప్పాను, చెప్పాల్సిన గొంతుతోనే చెప్పాను. దారి ఇచ్చాడు. పాత ఆసుపత్రి దగ్గరే కాబట్టి సనాను టేబుల్ ఎక్కించిన కాసేపటికే మగపిల్లవాడు పుట్టాడు. ఆటో డ్రైవరు గేటు దగ్గరే నిలబడి, సంగతి తెలిసేదాకా కదలలేదు.

"అమ్మా, ఈ దవఖానా రింగు రోడ్డు అవతలికి పోతదంట కద. అప్పుడు గిట్ల అయితే ఏం చెయ్యాలె? ధూల్‌పేట్ నుంచి గణేశుల ఊరేగింపులు బయల్దేరినయంటే నా ఆటో గీడనే నిలబడతది. ఆ పోరి నా సీట్లనే కంటది."

కమిటీ నివేదికలో ప్రయాణం సులువుగా, తక్కువ సమయంలో జరిగిందని రాశారు. నన్ను సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు.

అందరూ బంధువులే

ఆ సాయంత్రమే డాక్టర్ రఘునందన్ క్లినిక్కుకొచ్చాడు. మా సంఘం కార్యదర్శి, కాలేజీలో నా సహాధ్యాయి. వాళ్ళ నాన్న కోస్తా నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు.

"ఏంటి ప్రేమా నువ్వు చేసేది? నువ్వు మన అధ్యక్షురాలివి. మన పిల్లలకు క్వార్టర్లు వస్తున్నాయి, సెక్యూరిటీ వస్తోంది. నువ్వే అడ్డం పడితే ఎలా?"

"పిల్లలకు క్వార్టర్లు ఇవ్వనీ. కాన్పుల గది ఇక్కడ ఉండనీ. రెండిటికీ తగువేముంది?"

"రెండూ ఇవ్వరు. నీకు తెలుసు. మళ్ళీ సీటు వద్దా నీకు?"

"కావాలి రఘూ. ఎందుకు వద్దు? కానీ నసీమ్ ఆపా మళ్ళీ నా అద్దం కొడితే ఏం చెప్పమంటావు?"

"ఆ నసీమ్ ఎవరో నాకు తెలీదు."

"అదే మన సంఘానికొచ్చిన జబ్బు."

అతను లేచి వెళ్ళిపోయాడు. ఆ వారమే సర్వసభ్య సమావేశం పెట్టారు. హాలు నిండిపోయింది. నేను మైకు పట్టుకుని చూసింది చూసినట్టు చెప్పాను. సగం మంది కేకలేశారు. "రాజకీయం బయట చేసుకోండి!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. నేను దించలేదు మైకు. "ఈ హాల్లో ఉన్న మనందరం రోగికి తోడొచ్చినవాళ్ళమే. రోగి ఇక్కడ లేదు. ఆమె తరఫున మనం పార్కింగ్ అడుగుతున్నాం" అన్నాను. ఓటింగు పెట్టారు. నా అధ్యక్ష పదవి ఆ మధ్యాహ్నమే పోయింది. బయటికొస్తుంటే ఒక కుర్ర డాక్టరు నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయింది, చుట్టూ చూసి వదిలేసింది. భయపడింది పాపం. ఆమెను నేనేమీ అనను.

మంత్రితో ఒంటరిగా

మరునాడు మంత్రి గదికి పోయాను. ఎప్పటిలాగే జాతర. నేను కూర్చోకముందే కార్యదర్శి మొదలుపెట్టాడు, కొత్త భవనం అద్భుతమన్నాడు. ఇంకో అధికారి అంబులెన్సులు పెంచుతామన్నాడు. మంత్రి పెన్ను తిప్పుతూ కిందికి చూస్తున్నాడు. నేను ఆయన మొహం చూశాను. నా స్టూలు మీద తల వంచుకుని కూర్చున్న వందలమందిని చూసినదాన్ని. నాకు అర్థమైంది.

"సార్, వీళ్ళందరినీ కాసేపు బయటికి పంపండి."

కార్యదర్శి, "మేడమ్, ఇది ప్రోటోకాల్ కాదు" అన్నాడు.

"నా క్లినిక్కులో ఇదే ప్రోటోకాల్. తోడొచ్చినవాళ్ళు బయట ఉండాలి."

మంత్రి తలెత్తి నావైపు చూసి, మొట్టమొదటిసారి నవ్వాడు. చెయ్యి ఊపాడు. వాళ్ళు గొణుక్కుంటూ వెళ్ళారు. నేనే లేచి తలుపు వేశాను. వచ్చి కూర్చుని, ఏమీ మాట్లాడలేదు.

"ఏందమ్మా, అందర్ని బయటికి పంపిచ్చి సైలెంటుగ కూసున్నవ్?" అన్నాడు చివరికి.

"ఎక్కడ నొప్పి సార్?"

తిప్పుతున్న పెన్ను బల్ల మీద పెట్టాడు. తర్వాత చెప్పాడు. తలుపు మూసి విన్నది బయట పెట్టడం మన వృత్తిలో నేరం. ఆయన ఇప్పుడు రాజకీయాలు వదిలేసి పొలం చూసుకుంటున్నాడు, రాసుకోమని తనే అన్నాడు కాబట్టి రాస్తున్నాను. పాత ఆసుపత్రి స్థలం మీద పెద్దవాళ్ళ కన్ను పడింది. అక్కడ పర్యాటకుల కోసం దుకాణాల సముదాయం కట్టాలని పైనుంచి ఒత్తిడి. కట్టడం పాతదైపోయిందన్నది సాకు.

"నాకు తెల్వదనుకున్నవా? మా అక్క ఎడ్లబండి మీద దవఖానాకు పోతుంటే దారిలనే సచ్చిపోయింది. గా దూరమంటే ఏందో నాకు మస్తు ఎరుక. కాని మంత్రుల మీటింగుల ఒక్కడు కూడ కాదనలె. నేనొక్కన్ని కాదంటే రేపు నా గదిల ఇంకొకడు కూసుంటడు."

"మరి నేనేం చెయ్యాలి?"

"సభల లొల్లి చెయ్యి. గట్టిగ చెయ్యి. మన పార్టీ ఎమ్మెల్సీనే లేచి గిట్లంటున్నదని నేను పైకి చూపించుకోవాలె. నన్ను తిట్టు, ఫికర్ లేదు." మళ్ళీ పెన్ను చేతిలోకి తీసుకుని, "కాని ఒకటి చెప్తున్న డాక్టరమ్మా. నీ సీటు నేను కాపాడలేను" అన్నాడు.

"అడగలేదు కదా సార్" అన్నాను. తలుపు తీసి, బయట నిలబడ్డవాళ్ళను లోపలికి రమ్మన్నాను. కార్యదర్శి మొహం చూడాల్సింది.

లేచి నిలబడ్డాక

ఆరోగ్యశాఖ మీద చర్చ రోజున నాకు మాట్లాడే అవకాశం ఇవ్వకూడదని పార్టీ నిర్ణయించింది. మంత్రి జవాబు మొదలుపెట్టగానే నేను లేచాను. చైర్మన్ కూర్చోమన్నారు. కూర్చోలేదు. మా పార్టీ విప్ వరస వెనక నుంచి వంగి నా చీర కొంగు దగ్గర చెయ్యి ఊపుతూ, "మేడమ్, కూసోర్రి, ఇజ్జత్ పోతది" అన్నాడు. "ఎవరిది?" అన్నాను.

ఒక్కటే ప్రశ్న అడిగాను. పాతబస్తీలో నొప్పులొచ్చిన ప్రతి ఆడమనిషికీ మంత్రిగారు పైలట్ బండి ఇస్తారా? ఇస్తే ఈ నివేదిక మీద ఇప్పుడే సంతకం పెడతాను. ఇవ్వకపోతే ఈ నివేదిక అబద్ధం. పత్తర్‌గట్టిలో మా కార్ల వరస ఆపిన ఆటోలో ఎవరున్నారో చెప్పాను. ప్రతిపక్షం బల్లలు చరిచింది. మా వాళ్ళు బొమ్మల్లా కూర్చున్నారు. చైర్మన్ గంట మోగుతూనే ఉంది, నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఆ గంట కంటే నసీమ్ ఆపా గొంతు పెద్దది, దానికి అలవాటు పడ్డ చెవులు నావి.

మంత్రి లేచి, సభ్యురాలి ఆవేదన దృష్ట్యా అని మొదలుపెట్టి, కాన్పుల వార్డు, ఆపరేషన్ థియేటరు పాత ఆసుపత్రిలోనే ఉంటాయని, కట్టడం మరమ్మతు చేయిస్తామని ప్రకటించాడు. మిగతా విభాగాలు కొత్త చోటికి పోయాయి. నేను అడిగింది పూర్తిగా రాలేదు. వచ్చినదాన్ని పట్టుకుని కూర్చున్నాను.

ఆ తర్వాత సీటు ఇవ్వలేదు. పార్టీ ఆఫీసుకు పోతే టీ కూడా ఇవ్వలేదు. ఇంకో డాక్టరుకు ఇచ్చారు, మంచి శాలువాలు కప్పుతాడు. నన్ను చూసి జాలిపడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కాస్త సర్దుకుపోయి ఉంటే ఇంకా చాలా చేసేదానివి కదా అంటారు. వాళ్ళతో నేను వాదించను, కానీ మీరు మాత్రం ఆ మాట నమ్మకండి. సర్దుకుపోయినవాళ్ళు తర్వాత చేసిన ఆ చాలా ఏమిటో నేను మండలిలో కూర్చుని కళ్ళారా చూశాను. కుర్చీ కాపాడుకోవడం తప్ప ఏమీ చేయలేదు. పదవి ఖర్చు పెట్టడానికే ఇస్తారు. నేను ఖర్చు పెట్టాను. ఇంకోసారి ఇచ్చినా అక్కడే ఖర్చు పెడతాను.

మొన్న

మొన్న పొద్దున నసీమ్ ఆపా ఎవరినీ పంపకుండా తనే కర్ర పట్టుకుని వచ్చింది. "సనాకు మళ్ళ దర్ద్ మొదలైంది, దవఖానాల చేర్పించినం. చల్, నువ్వు రావాలె." నేను చెప్పులేసుకుని బయల్దేరాను. రెండు మలుపులు నడిచి పోయాం. ఆసుపత్రి గోడలకు కొత్త రంగు వేసినా, మెట్ల మీద జనం మాత్రం అదే జనం.

కాన్పుల గది దగ్గర అలవాటు కొద్దీ లోపలికి అడుగు పెట్టబోయాను. డ్యూటీలో ఉన్న అమ్మాయి, పాతికేళ్ళు కూడా ఉండవు, గ్లవ్స్ వేసుకున్న చేతులు పైకెత్తి అడ్డం నిలబడింది.

"అమ్మా, అటెండెంట్లు బయట ఉండాలె. ఎన్నిసార్లు చెప్పాలె మీకు?"

నసీమ్ ఆపాకు కోపం నెత్తికెక్కింది. "ఏయ్, ఈమె ఎవరో ఎరుకనా నీకు? డాక్టరమ్మ! ఎమ్మెల్సీ! ఈ దవఖానా పోకుండ ఆపిందే ఈమె!"

"ఎవరైనా సరే బయటే. నేను పేషెంట్‌తోని మాట్లాడాలె" అని, ఆ అమ్మాయి తలుపు మా మొహం మీదే వేసేసింది.

నసీమ్ ఆపా నావైపు తిరిగింది. "నిన్ను గట్లంటదా? ఏమనవా నువ్వు?"

అనడానికి ఏముంది? నాకు కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి, సంతోషంతో వచ్చాయి. ఆ తలుపు పోకూడదనే కదా రెండు కుర్చీలు ఇచ్చేశాను. అది అక్కడే ఉంది, మా గల్లీకి నడిచి పోయేంత దగ్గర్లో. అంత గట్టిగా మూసుకుంది కూడా.

"బరాబర్ అన్నది ఆపా. జరుగు, ఇద్దరం కూసుందాం" అన్నాను. బయట బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాను.